బాంజో ఎవరిది? కరోలినా చాక్లెట్ డ్రాప్స్ చెప్పిన చరిత్ర, చెప్పకుండా మిగిలిన చరిత్ర

అమెరికా జానపద సంగీతం అనగానే చాలామందికి ఒక బొమ్మ గుర్తొస్తుంది. కొండల మధ్య చెక్క ఇల్లు, వరండాలో కుర్చీ, ఆ కుర్చీలో టోపీ పెట్టుకున్న ఒక తెల్ల ముసలాయన, ఆయన చేతిలో బాంజో. సినిమాలూ, రికార్డు కంపెనీలూ, పర్యాటక ప్రకటనలూ కలిసి దాదాపు వందేళ్ళపాటు గీసిన బొమ్మ ఇది. ఇందులో నల్లవాళ్ళు లేరు. ఆడవాళ్ళు ఉంటే గింటే తలుపు పక్కన నిలబడి వింటూ ఉంటారు.

2005లో ఉత్తర కరోలినా రాష్ట్రంలో ముగ్గురు నల్లజాతి యువ సంగీతకారులు కలిసి కట్టిన ఒక చిన్న బృందం ఈ బొమ్మ అబద్ధమని వాయించి మరీ చెప్పింది. ఆ బృందం పేరు కరోలినా చాక్లెట్ డ్రాప్స్. బాంజో, ఫిడేలు, గిటారు, కూజా, ఎముకలతో చేసిన చిడతలు వాళ్ళ వాయిద్యాలు. ఆరేళ్ళు తిరగకుండానే గ్రామీ బహుమతి వరకూ వెళ్ళారు. వాళ్ళ ఎదుగుదలని మామూలుగా ఒక విజయగాథలాగా చెప్తుంటారు. ముగ్గురు కుర్రవాళ్ళు, ఒక వృద్ధ గురువు, మరుగున పడిన కళ, చివరికి బహుమతి. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ ఈ కథ ఇక్కడితో ఆగిపోతే కొన్ని ప్రశ్నలు మిగిలిపోతాయి. ఈ పాటని ఇన్నాళ్ళూ మోసింది ఎవరు? మోసినవాళ్ళలో ఎవరి పేర్లు మిగిలాయి, ఎవరివి రాలిపోయాయి? ఆ బృందంలో ఉన్న ఒకే ఒక్క స్త్రీ, రియానన్ గిడెన్స్, బహుమతి తర్వాత మళ్ళీ మొదటి నుంచి ఎందుకు వెతుక్కోవలసి వచ్చింది?

ముందుగా బాంజో గురించి కొంత చెప్పుకోవాలి. ఎందుకంటే వివాదమంతా ఆ వాయిద్యం చుట్టూనే ఉంది.

బాంజో ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చిన మనుషుల జ్ఞాపకంలో ప్రయాణం చేసి వచ్చిన వాయిద్యం. పశ్చిమ ఆఫ్రికాలో సొరకాయ బుర్రకి తోలు బిగించి, కర్ర గుచ్చి, తీగలు కట్టి వాయించే వాయిద్యాలు అనేకం ఉన్నాయి. సెనెగల్, గాంబియా ప్రాంతంలో జోలా ప్రజలు వాయించే అకోంటింగ్‌కి బొటనవేలితో మీటే ఒక పొట్టి తీగ ఉంటుంది. ఇవాళ్టి ఐదు తీగల బాంజోకి కూడా అలాంటి పొట్టి తీగే ఉంటుంది. 1687లో జమైకా వెళ్ళిన హాన్స్ స్లోన్ అనే వైద్యుడు అక్కడి బానిసలు వాయించే బుర్ర వాయిద్యాల గురించి రాశాడు. 1707లో అచ్చయిన తన పుస్తకంలో వాటి బొమ్మలు కూడా వేయించాడు. 1780లలో థామస్ జెఫర్సన్ వర్జీనియా గురించి రాస్తూ, నల్లవాళ్ళ వాయిద్యం 'బాంజార్' అనీ, దాన్ని వాళ్ళు ఆఫ్రికా నుంచి తెచ్చుకున్నారనీ నమోదు చేశాడు. అంటే ఆనాడు ఈ వాయిద్యం ఎవరిది అనే విషయంలో ఎవరికీ అనుమానం లేదు.

అనుమానం తర్వాత తయారు చేయబడింది. 1840లలో తెల్లవాళ్ళు ముఖాలకి మసి పూసుకుని, నల్లవాళ్ళని వెక్కిరిస్తూ ఆడే మిన్‌స్ట్రెల్ ప్రదర్శనలు మొదలయ్యాయి. 1843లో వర్జీనియా మిన్‌స్ట్రెల్స్ అనే బృందం న్యూయార్కులో ప్రదర్శన ఇచ్చాక ఇది దేశమంతా పాకింది. బాంజో, ఫిడేలు, ఎముకల చిడతలు ఆ వెక్కిరింతకి సాధనాలయ్యాయి. ఎవరి చేతిలో పుట్టిందో వాళ్ళనే అవమానించడానికి వాడిన వాయిద్యాన్ని ఆ మనుషులు ఎంతకాలం ప్రేమించగలరు? కొత్త తరం నల్ల సంగీతకారులు గిటారు వైపు, నగరాల వైపు వెళ్ళడానికి చాలా కారణాలున్నాయి. ఈ అవమానం వాటిలో ఒకటి.

1920లలో రికార్డు కంపెనీలు వచ్చి ఈ విభజనకి ముద్ర వేశాయి. 1920లో మేమీ స్మిత్ అనే నల్ల గాయని పాడిన బ్లూస్ రికార్డు విపరీతంగా అమ్ముడయ్యాక, నల్లవాళ్ళకి అమ్మడానికి 'రేస్ రికార్డులు' అని ఒక జాబితా తయారైంది. 1923లో జార్జియాకి చెందిన తెల్ల ఫిడేలు కళాకారుడు జాన్ కార్సన్ రికార్డు అమ్ముడయ్యాక, తెల్ల పల్లెవాసుల కోసం 'హిల్‌బిల్లీ' అనే మరో జాబితా వచ్చింది. పల్లెల్లో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒకరి నుంచి ఒకరు పాటలు నేర్చుకుంటూనే ఉన్నారు. ఒకే రాగాన్ని ఇద్దరూ వాయిస్తున్నారు. కానీ జాబితా మాత్రం రెండు ముక్కలైంది. నల్లవాళ్ళు బ్లూస్ పాడాలి, తెల్లవాళ్ళు ఫిడేలు వాయించాలి. ఫిడేలూ బాంజో వాయించే నల్ల బృందాలు ఏ జాబితాలోనూ సరిగ్గా ఇమడలేదు. అందువల్ల వాటిలో చాలా కొద్ది బృందాలు మాత్రమే రికార్డుకెక్కాయి. అలా ఎక్కినవాటిలో 1930లో టెన్నెసీ చాక్లెట్ డ్రాప్స్ ఒకటి. డెబ్భై అయిదేళ్ళ తర్వాత మన ముగ్గురూ తమ పేరు అక్కడి నుంచే తీసుకున్నారు. ఒక వ్యాపార జాబితా కాలక్రమంలో సంగీత చరిత్రగా మారిపోవడం ఎలా ఉంటుందో చూడటానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఈ విభజన మీదనే బ్లూగ్రాస్ పుట్టింది. కెంటకీకి చెందిన బిల్ మన్రో 1930ల చివర్లో కట్టిన బృందం పేరు బ్లూ గ్రాస్ బాయ్స్. 1945 చివర్లో ఎర్ల్ స్క్రగ్స్ తన మూడు వేళ్ళ బాంజో పద్ధతితో అందులో చేరాక ఆ సంగీతానికి ఇవాళ మనం వినే రూపం వచ్చింది. వేగం, ఒకరి తర్వాత ఒకరు విడిగా వాయించి చూపించడం, హెచ్చు స్థాయి గొంతు దాని లక్షణాలు. తను నేర్చుకున్నది ఆర్నాల్డ్ షుల్ట్జ్ అనే నల్ల గిటారు, ఫిడేలు కళాకారుడి దగ్గర కూడా అని మన్రో స్వయంగా చెప్పేవాడు. కానీ బ్లూగ్రాస్ కథ చెప్పేవాళ్ళు ఆ పేరుని చాలాకాలం ఒక వాక్యంలో దాటేశారు.

బృందం పేరులో 'బాయ్స్' అన్న మాట కూడా గమనించాలి. నిజానికి ఆ బాయ్స్‌లో ఒక స్త్రీ ఉంది. శాలీ ఆన్ ఫారెస్టర్ 1943 నుంచి 1946 వరకూ ఆ బృందంలో అకార్డియన్ వాయించింది, పాడింది. 1945 రికార్డింగుల్లో ఆవిడ వాయిద్యం వినిపిస్తుంది. ఆమె భర్త కూడా ఆ బృందంలోని ఫిడేలు కళాకారుడే. ఆయన యుద్ధానికి వెళ్ళాడు కాబట్టి ఆయన స్థానంలో ఉంచారులే అన్నట్టుగా చరిత్రకారులు ఆమెని పక్కన పెట్టేశారు. బ్లూగ్రాస్‌లో స్త్రీల చరిత్రని 2013లో పెద్ద పుస్తకంగా రాసిన మర్ఫీ హిక్స్ హెన్రీ, తనే బాంజో కళాకారిణి, ఈ తీసివేతని గట్టిగా ప్రశ్నించింది. "ఆడపిల్లవి అయినా బాగానే వాయిస్తున్నావే" అనే మెచ్చుకోలు తరతరాలుగా ఎంతమంది వినుంటారో ఆ పుస్తకం పేరులోనే ఉంది.

ఉత్తర కరోలినాలో నల్ల స్త్రీల కథ దీనికంటే లోతైనది. ఎలిజబెత్ కాటెన్ చిన్నప్పుడు అన్న లేనప్పుడు అతని బాంజో తీసుకుని వాయించుకునేది. ఆమెది ఎడమచేతి వాటం. తీగలు మార్చి కట్టుకునే వీలు లేదు. అందుకని వాయిద్యాన్నే తిరగేసి పట్టుకుని, బొటనవేలితో రాగం, మిగతా వేళ్ళతో మంద్రం పలికించే పద్ధతి తయారుచేసుకుంది. తర్వాత గిటారు మీద కూడా అదే. చిన్న వయసులోనే 'ఫ్రైట్ ట్రెయిన్' అనే పాట కట్టింది. ఆ తర్వాత పెళ్ళి, బిడ్డ, చర్చి, ఇళ్ళల్లో పని. దశాబ్దాలపాటు ఆమె గిటారు ముట్టుకోలేదు. 1940లలో వాషింగ్టన్‌లో సీగర్ల ఇంట్లో పనికి కుదిరింది. ఆ ఇల్లు సంగీతకారుల ఇల్లు. గోడకి వేలాడే గిటారు తీసి వాయిస్తుంటే అప్పుడు తెలిసింది వాళ్ళకి, తమ ఇంట్లో వంట చేస్తున్నది ఎవరో.

ఆ ఇంటి పిల్లల్లో పెగ్గీ సీగర్ ఆ పాటని ఇంగ్లండు తీసుకెళ్ళింది. అక్కడ 1957లో అది పెద్ద హిట్టయింది. రికార్డు మీద రచయితలుగా వేరే ఇద్దరు మగవాళ్ళ పేర్లు ఉన్నాయి. తన పాట మీద తన పేరు కోసం కాటెన్ పోరాడవలసి వచ్చింది. 1958లో ఆమె తొలి ఆల్బమ్ వచ్చేసరికి ఆమెకి అరవై దాటాయి. 1985లో గ్రామీ వచ్చింది, తొంభై దాటాక.

ఇంకో స్త్రీ ఎట్టా బేకర్. పిల్లల్ని పెంచుతూ, బట్టల మిల్లులో ఏళ్ళ తరబడి పనిచేస్తూ ఇంట్లోనే వాయించుకుంది. 1956లో ఒక ఆల్బమ్‌లో ఆమె గిటారు కొద్దిగా వినిపించింది. ఎంతోమంది యువకులు ఆ కొద్దిపాటి రికార్డింగు విని గిటారు నేర్చుకున్నారు. ఆమె మాత్రం వేదికల మీదికి రావడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది.

ఈ చరిత్ర చదువుతున్నప్పుడు నాకు నా పరిశోధన రోజులు గుర్తొచ్చేవి. దంపుడు పాటలూ, నాట్ల పాటలూ వెతుక్కుంటూ పాత సంకలనాలు తిరగేస్తుంటే సేకర్త పేరు, ఊరి పేరు, సంవత్సరం ఉండేవి. పాడిన మనిషి దగ్గరికి వచ్చేసరికి 'ఒక వృద్ధురాలు' అనో, 'కూలి స్త్రీలు' అనో ఉండేది. పాట జాతి సంపద అయిపోయింది, పాడిన మనిషికి పేరు కూడా దక్కలేదు. స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు ఆ పుస్తకం చేసిన మొదటి పని మాట్లాడిన స్త్రీలని పేర్లతో మన ముందు కూర్చోబెట్టడం. జానపద సంగీతం విషయంలో అలాంటి పని ఎవరు చేస్తారు అన్న ప్రశ్న నన్ను ఈ బృందం దగ్గరికి తీసుకొచ్చింది.

ఇక ఆ బృందం కథ. 2005 ఏప్రిల్‌లో ఉత్తర కరోలినాలోని బూన్ పట్టణంలో, అప్పలాచియన్ స్టేట్ యూనివర్సిటీలో నల్లజాతి బాంజో కళాకారుల, పరిశోధకుల సమావేశం జరిగింది. నల్లవాళ్ళ బాంజో సంప్రదాయం మీద అప్పటికి పదేళ్ళ క్రితమే పుస్తకం రాసిన సీసీ కాన్వే అక్కడే అధ్యాపకురాలు. బాంజో నల్లవాళ్ళది అనే మాట ఒక వేదిక మీద అంతమంది కలిసి అనుకోవడం కొత్త. ఆ సమావేశానికి వచ్చినవాళ్ళలో ముగ్గురు తర్వాత బృందమయ్యారు.

రియానన్ గిడెన్స్ 1977లో గ్రీన్స్‌బరోలో పుట్టింది. తల్లి నల్లజాతి స్త్రీ, తండ్రి తెల్లవాడు. ఓబర్లిన్‌లో ఒపెరా గానం చదువుకుంది. ఊరికి తిరిగొచ్చాక కాంట్రా నృత్యాలకి వెళ్ళి, ఆ నృత్యం వెనక మోగే బాంజో మీద మోజు పడింది. ఆ గుంపుల్లో నల్లమనిషి తను తప్ప దాదాపు ఎవరూ ఉండేవారు కాదు. తనకి నచ్చిన సంగీతంలో తను అతిథిని అనుకుంది. పుస్తకాలు చదివాక తను అతిథి కాదనీ, ఆ ఇల్లే తన పూర్వీకులదనీ తెలిసింది. జస్టిన్ రాబిన్సన్ ఆ రాష్ట్రంలోనే గాస్టోనియా వాడు, వయొలిన్ నేర్చుకున్నవాడు. డామ్ ఫ్లెమన్స్ అరిజోనా నుంచి వచ్చినవాడు. గిటారు, బాంజో, కూజా, ఎముకలు, ఏది ఇస్తే అది వాయిస్తాడు, పాత రికార్డుల మీద పిచ్చి.

అదే సమావేశంలో జో థాంప్సన్ ఉన్నాడు. 1918లో పుట్టిన ఈయన మెబేన్ అనే చిన్న పట్టణంలో ఫర్నిచర్ ఫ్యాక్టరీ కార్మికుడిగా జీవితమంతా పనిచేశాడు. తండ్రి దగ్గర ఫిడేలు నేర్చుకున్నాడు. చిన్నప్పుడు అన్నతో, తర్వాత బంధువు ఒడెల్ థాంప్సన్ బాంజోతో కలిసి నృత్యాలకి వాయించేవాడు. 1994లో ఒడెల్ పోయాక ఆ పాత పద్ధతిలో వాయించే నల్ల ఫిడేలు కళాకారుల్లో దాదాపు ఆఖరివాడిగా ఆయన మిగిలాడు. ఆ ముగ్గురూ వారం వారం, గురువారాలు, మెబేన్ వెళ్ళి ఆయన ఇంట్లో కూర్చుని వాయించడం మొదలుపెట్టారు. స్వరలిపి లేదు, పాఠాలు లేవు. ఆయన వాయిస్తాడు, వీళ్ళు వెంట వాయిస్తారు. తప్పైతే ఆయన మళ్ళీ వాయిస్తాడు. ఇదీ చదువు.

2006లో తొలి ఆల్బమ్ వచ్చింది. దక్షిణాది వృద్ధ కళాకారులకి అండగా నిలిచే మ్యూజిక్ మేకర్ సంస్థ దాన్ని విడుదల చేసింది. పాఠశాలల్లో, గ్రంథాలయాల్లో, చిన్న ఉత్సవాల్లో వాయిస్తూ వాయిస్తూ వాళ్ళు పెద్ద వేదికలకి చేరారు. నాష్‌విల్‌లోని గ్రాండ్ ఓల్ ఆప్రీ కంట్రీ సంగీతానికి గుడి లాంటిది. డీఫోర్డ్ బెయిలీ అనే నల్ల హార్మోనికా కళాకారుడు దాని తొలి తారల్లో ఒకడు. 1941లో ఆయన్ని అక్కడి నుంచి తీసేశారు. అక్కడ వాయించిన మొట్టమొదటి నల్లజాతి తీగవాద్య బృందంగా కరోలినా చాక్లెట్ డ్రాప్స్‌ని చెప్తారు. 2010లో నోన్‌సచ్ సంస్థ 'జెన్యూన్ నీగ్రో జిగ్' విడుదల చేసింది. 2011 ఫిబ్రవరిలో దానికి ఉత్తమ సంప్రదాయ జానపద ఆల్బమ్‌గా గ్రామీ వచ్చింది. నిజానికి వాళ్ళు వాయించింది బ్లూగ్రాస్‌కి ముందటి సంగీతం. అయినా బ్లూగ్రాస్ శ్రోతలు దాన్ని తమదిగా విన్నారు. అక్కడే వాళ్ళ దెబ్బ తగిలింది. మీరు మీ సొంతమనుకుంటున్న దానికి మూలం ఇదీ అని చెప్పగలిగారు.

ఆ ఆల్బమ్‌లో రెండు పాటల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఒకటి పేరు పాట. 'జెన్యూన్ నీగ్రో జిగ్' అన్నది డాన్ ఎమ్మెట్ రాతప్రతుల్లో దొరికిన ఒక నృత్య స్వరం పేరు. ఎమ్మెట్ అంటే 1843 నాటి ఆ మసి ముఖాల బృందంలో ఒకడు, 'డిక్సీ' రచయితగా పేరుపొందినవాడు. ఒహాయోలో ఆయన ఊరికి దగ్గర్లోనే స్నోడెన్లు అనే నల్ల కుటుంబం ఉండేది. తల్లి ఎలెన్ బానిసత్వంలో పుట్టిన స్త్రీ. కుటుంబమంతా కలిసి బృందంగా వాయించేవాళ్ళు. ఆడపిల్లలు సోఫియా, ఆనీ కూడా ఫిడేలు వాయించేవారు. ఎమ్మెట్ పాటల్లో కొన్నిటికి మూలం ఈ కుటుంబమేనని 1993లో హోవర్డ్, జుడిత్ శాక్స్ తమ పుస్తకంలో వాదించారు. మన బృందం ఆ స్వరాన్ని వాయించి, దానికి 'స్నోడెన్స్ జిగ్' అని పేరు పెట్టింది. పాత పేరుని బ్రాకెట్లోకి నెట్టింది. దొంగిలించబడిన సొమ్ము మీద యజమాని పేరు తిరిగి రాయడం అంటే ఇదే. పేరు మార్చడం చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ, ఇంటిపేరు మారిన ప్రతి స్త్రీకీ తెలుసు, పేరులో ఎంత చరిత్ర ఉంటుందో.

రెండోది 'హిట్ ఎమ్ అప్ స్టైల్'. 2001లో బ్లూ కాంట్రెల్ పాడిన ఆధునిక ఆర్ అండ్ బి పాట. మోసం చేసిన మొగుడి డబ్బు ఖర్చు పెట్టేసి, వస్తువులు అమ్మేసి బుద్ధి చెప్పే ఆడదాని పాట. దీన్ని గిడెన్స్ ఫిడేలు, ఫ్లెమన్స్ బాంజో, నోటితో చేసే డ్రమ్ము శబ్దాలతో కలిపి పాడింది. పాత సంప్రదాయాన్ని కాపాడేవాళ్ళు దాన్ని అద్దాల బీరువాలో పెట్టాలనుకుంటారు. వీళ్ళు అలా చేయలేదు. నల్ల సంగీతంలో నిన్నటిదీ ఇవాళ్టిదీ ఒకే నదిలో నీళ్ళని చూపించారు. పైగా, పాత జానపద గాథల్లో ఆడదాని చావు ఎంత మామూలో మనకి తెలుసు. ప్రియుడు ఆమెని నదిలో తోసేస్తాడు, పాట అందంగా సాగుతుంది. అలాంటి వాయిద్యాల మీద ఒక ఆడది చావకుండా, ఏడవకుండా లెక్క తేల్చుకుని వెళ్ళిపోవడం కొత్త. జనానికి బాగా నచ్చిన పాటల్లో ఇది ఒకటి కావడం ఊరికే జరగలేదు.

బృందంగా వాళ్ళు ఎక్కువకాలం నిలవలేదు. 2011లో రాబిన్సన్ బయటికి వెళ్ళాడు. హబ్బీ జెంకిన్స్ చేరాడు, బీట్‌బాక్స్ కళాకారుడు ఆడమ్ మట్టా, సెల్లో వాయించే లేలా మెకల్లా వచ్చారు. 2012లో 'లీవింగ్ ఈడెన్' వచ్చింది. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే జో థాంప్సన్ 93 ఏళ్ళ వయసులో పోయాడు. 2013 చివరికి ఫ్లెమన్స్ కూడా విడిపోయాడు. తర్వాత ఆయన 2018లో నల్ల కౌబాయ్‌ల పాటలతో ఒక మంచి ఆల్బమ్ చేశాడు. మొదటి ముగ్గురిలో గిడెన్స్ ఒక్కతే మిగిలింది.

ఈ దశలో ఆమె ముందు రెండు చేదు నిజాలు ఉన్నాయి. ఒకటి, తమ ప్రదర్శనలకి వచ్చేవాళ్ళలో అత్యధికులు తెల్లవాళ్ళే. ఎవరి వారసత్వమని తాము చెప్తున్నారో ఆ జనం ఎదురుగా లేరు. ఈ విషయాన్ని ఆమె అనేకసార్లు బహిరంగంగానే మాట్లాడింది. మిన్‌స్ట్రెల్ ప్రదర్శనల అవమానం, రికార్డు కంపెనీల జాబితాలు, టికెట్టు ధర, ఉత్సవాలు జరిగే ఊళ్ళు, అన్నీ కలిసి కట్టిన గోడ ఒక గ్రామీతో కూలదు. రెండో నిజం మన కోణంలో ఇంకా ముఖ్యమైనది. తిరిగి దొరికిన ఆ వారసత్వంలో స్త్రీలు ఎక్కడ? తండ్రి నుంచి కొడుక్కి, అన్న నుంచి తమ్ముడికి ఫిడేలు వెళ్ళింది. థాంప్సన్ వారసత్వం అలాంటిదే. అందులో అమ్మలూ, అక్కలూ పాడలేదా? పాడారు. ఇంట్లో పాడారు, పొలంలో పాడారు, వంటింట్లో పాడారు. నృత్యానికి వాయించినవాడు సంగీతకారుడయ్యాడు. జోల పాడినది అమ్మ మాత్రమే అయింది. జాతి పేరు మీద పోగొట్టుకున్నది తిరిగి తెచ్చుకున్నప్పుడు కూడా స్త్రీలకి విడిగా మళ్ళీ వెతుక్కోవలసి రావడం మనకేమీ కొత్త కాదు.

2015లో గిడెన్స్ చేసిన తొలి సొంత ఆల్బమ్ దాదాపు పూర్తిగా స్త్రీలు రాసినవీ, స్త్రీలు పాడి నిలబెట్టినవీ అయిన పాటలతో ఉంది. ఎలిజబెత్ కాటెన్ పాట అందులో ఒకటి. 2016లో ఆమెకి బాంజో, బ్లూగ్రాస్ కృషికి ఇచ్చే స్టీవ్ మార్టిన్ బహుమతి వచ్చింది. ఆ బహుమతి అందుకున్న తొలి స్త్రీ ఆమె. 2017లో 'ఫ్రీడమ్ హైవే' వచ్చింది. అందులో మొదటి పాటకి ప్రేరణ బానిసత్వ కాలపు ఒక పత్రికా ప్రకటన. ఒక యువతిని అమ్ముతున్నారు. ఆమెకి చంటిబిడ్డ ఉంది. ఆ బిడ్డని కూడా కొనాలో వద్దో కొనేవాడి ఇష్టం అని రాసి ఉంది. గిడెన్స్ ఆ తల్లి గొంతుతో పాట రాసింది. పత్రిక మూలన నాలుగు ముక్కలుగా మిగిలిన మనిషికి మనసు ఉండి ఉంటుందని గుర్తుచేయడం చరిత్రకారులు చేయలేని పని. ఇలాంటి చోట సాహిత్యం అవసరమవుతుంది.

ఆ ఏడాది సెప్టెంబరులో రాలీ నగరంలో అంతర్జాతీయ బ్లూగ్రాస్ సంగీత సంఘం సమావేశంలో ఆమె ప్రధానోపన్యాసం ఇచ్చింది. బ్లూగ్రాస్‌లోకి నల్లవాళ్ళని ఎలా రానివ్వాలి అన్న ప్రశ్నే తప్పనీ, వాళ్ళు మొదటి నుంచీ అందులో ఉన్నారనీ, ఎలా తుడిచివేయబడ్డారో చూడమనీ ఆ సభలోనే చెప్పింది. అదే సంవత్సరం అదే సంఘం హేజెల్ డికెన్స్, ఆలిస్ జెరార్డ్‌లని తన గౌరవ మందిరంలో చేర్చింది. డికెన్స్ వెస్ట్ వర్జీనియా బొగ్గుగని కార్మిక కుటుంబంలో పుట్టి ఫ్యాక్టరీల్లో పనిచేసిన మనిషి. జెరార్డ్ చదువుకున్న మధ్యతరగతి అమ్మాయి. ఇద్దరు ఆడవాళ్ళు తామే ముందు నిలబడి బ్లూగ్రాస్ పాడిన రికార్డు 1965లోనే వచ్చింది. వ్యభిచారిగా మారిన స్త్రీని తిట్టే మగవాళ్ళనే నిలదీస్తూ డికెన్స్ రాసిన పాట, గని కార్మికుల పాటలు ఎంతోమందిని కదిలించాయి. గుర్తింపు వచ్చేసరికి డికెన్స్ చనిపోయి ఆరేళ్ళయింది. నల్లవాళ్ళ చరిత్రా, శ్రామిక స్త్రీల చరిత్రా ఒకే ఏడు ఒకే సంఘం గడప ఎక్కాయి. ఈ రెండిటినీ కలిపి చదవకపోతే రెండూ సగమే అర్థమవుతాయని నా అభిప్రాయం.

2019లో వచ్చిన 'సాంగ్స్ ఆఫ్ అవర్ నేటివ్ డాటర్స్' నా దృష్టిలో కరోలినా చాక్లెట్ డ్రాప్స్ మొదలుపెట్టిన వాక్యానికి రెండో సగం. గిడెన్స్, లేలా మెకల్లా, ఆలిసన్ రస్సెల్, ఆమెథిస్ట్ కయా, నలుగురూ నల్లజాతి స్త్రీలు, నలుగురూ బాంజో వాయిస్తారు. లూయిజియానాలో ఒక చిన్న స్టూడియోలో కలిసి పాటలు రాసుకున్నారు. రస్సెల్ తన పూర్వీకురాలైన ఒక బానిస స్త్రీని పేరు పెట్టి పిలిచింది. కొండని తొలిచిన జాన్ హెన్రీ కథ అమెరికాలో పిల్లలకి కూడా తెలుసు. అతను మంచాన పడ్డప్పుడు సుత్తి పట్టిన పాలీ ఆన్ గురించి పాత పాటల్లో ఉన్నది ఒకటి రెండు మాటలే. కయా, రస్సెల్ కలిసి ఆ సుత్తి చుట్టూ పాట కట్టారు. మన కథల్లోనూ వీరుడి పక్కన పేరు మాత్రమే ఉండి మాట లేని భార్యలు ఎంతమంది!

నలుగురి అనుభవాలు ఒకటి కావు. మెకల్లా హైతీ నుంచి వచ్చిన తల్లిదండ్రుల బిడ్డ. రస్సెల్ మాంట్రియల్‌లో పెరిగింది. బాల్యంలో తను అనుభవించిన హింసని 2021లో ఒక ఆల్బమ్ అంతా పాటలుగా చెప్పింది. కయా టెన్నెసీ అమ్మాయి. 'నల్ల స్త్రీ' అని ఒక్క మాటలో కుదించకుండా, ఎవరి గొంతు వారిదిగా ఉంటూ కలిసి పాడారు. స్త్రీవాద రాజకీయాల్లో మనం తరచుగా మాట్లాడుకునే భిన్నత్వం, ఐక్యత అనే మాటలు ఇక్కడ నాలుగు బాంజోల శ్రుతిలో వినిపిస్తాయి.

ఆ తర్వాత జరిగినవి చాలామందికి తెలిసినవే. 1807లో చార్ల్స్‌టన్‌కి బానిసగా తెచ్చిన ఇస్లాం పండితుడు ఒమర్ ఇబ్న్ సయీద్ అరబిక్‌లో రాసుకున్న ఆత్మకథ ఆధారంగా గిడెన్స్, మైకేల్ ఏబెల్స్ కలిసి చేసిన ఒపెరా 2022లో అదే నగరంలో మొదటిసారి ప్రదర్శితమై, 2023లో పులిట్జర్ బహుమతి పొందింది. 2024లో బియాన్సే కంట్రీ పాటలో మొదట వినిపించే బాంజో గిడెన్స్‌దే. ఆ పాటతో నల్ల స్త్రీకి కంట్రీ సంగీతంలో ఏం పని అన్న పాత ప్రశ్న మళ్ళీ లేచింది. సమాధానం పాటలోనే మోగుతోంది.

2025 ఏప్రిల్‌లో డరమ్ నగరంలో గిడెన్స్ ఏర్పాటు చేసిన 'బిస్కెట్స్ అండ్ బాంజోస్' ఉత్సవంలో కరోలినా చాక్లెట్ డ్రాప్స్ మళ్ళీ ఒకే వేదిక ఎక్కారు. అదే నెలలో ఆమె, జస్టిన్ రాబిన్సన్ కలిసి చేసిన ఆల్బమ్ వచ్చింది. బాంజో, ఫిడేలు మాత్రమే. స్టూడియోలో కాకుండా ఆరుబయట వాయించి రికార్డు చేశారు. జో థాంప్సన్ ఇంటి దగ్గర కొన్ని, ఎట్టా బేకర్ ఇంటి దగ్గర కొన్ని. పాటల వెనక పక్షులూ, కీచురాళ్ళూ వినిపిస్తుంటాయి.

మొదట వాళ్ళు వెళ్ళింది ఒక్క ఇంటికి. ఇరవై ఏళ్ళకి ఆ దారి రెండో ఇంటికి కూడా చేరింది. మిల్లు నుంచి అలసిపోయి వచ్చిన ఒక ఆడమనిషి పిల్లలు పడుకున్నాక గిటారు తీసుకున్న ఇల్లు అది. ఇలాంటి ఇళ్ళు ఇంకా ఎన్నో ఉన్నాయి. వాటి తలుపులు తట్టే పని ఆ దేశంలో వాళ్ళది, ఇక్కడ మనది.